ప్యాకేజీ కొనేముందు పాపను పది రోజులు గమనించండి

ప్రశ్న:

సార్, నమస్తే. మాది ప్రొద్దుటూరు. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను, టెన్త్ దాకా చదివినాను. మా ఆయనకు ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పని. పాపకు పదమూడేండ్లు. ఒక ప్రైవేటు బడి హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి చదువుతాండేది. సంక్రాంతికి ఇంటికొచ్చి ‘నేను మళ్లీ పోనమ్మా’ అనింది. ఎంత చెప్పినా వినలేదు. ఇంట్లో మాత్రం ఎవరూ చెప్పకుండానే పొద్దున్నే లేచి పుస్తకం తీస్తుంది. మా తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు. అక్కడ కొందరు పిల్లలు బడికి పోకుండా సిలబస్ అంతా కంప్యూటర్లోనే చదువుకుంటారంట, నెలనెలా డాలర్లు తనే కడతానంటాడు. ఇంకో పక్క ఒక యాప్ కంపెనీ అబ్బాయి ఇంటికొచ్చి, ట్యాబ్‌తో కలిపి మూడేండ్ల కోర్సు 72 వేలు, ఈఎంఐ పెట్టుకోండి అన్నాడు. రెండింట్లో ఏది తీసుకోమంటారు? టీచరు లేకుండా సొంతంగా చదువుకునే పిల్లలకు ఏది బాగుంటుంది? పదేండ్ల బాబు కూడా అక్క మాదిరే ఇంట్లో చదువుకుంటానని మారాం చేస్తాన్నాడు.

సమాధానం:

అమ్మా, ఆ యాప్ అబ్బాయి ఫోన్ చేస్తే ‘నెల తర్వాత చెప్తాం’ అని పెట్టేయండి. ఈఎంఐ కాగితం మీద మాత్రం సంతకం పెట్టొద్దు. ఇలాంటి అమ్మకాల్లో అప్పు ఇచ్చేది వేరే ఫైనాన్సు కంపెనీ. పాప మూడో వారంలో ట్యాబ్ పక్కన పడేసినా కంతు మాత్రం మూడేండ్లూ మీ ఆయన జీతంలోంచి పోతూనే ఉంటుంది. మీ తమ్ముడు చెప్పిన దాని సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పాప పోనన్నదని రాశారు, ఎందుకు పోనన్నదో రాయలేదు. పోనన్నది హాస్టల్‌కా, బడికా? ఈ రెండూ ఒకటి కావు. పొద్దున్నే లేచి పుస్తకం తీసే పిల్లకు చదువంటే విరక్తి కలగలేదని తెలుస్తూనే ఉంది. తెల్లవారుజామున స్టడీ అవరు, వారం వారం ర్యాంకులు, ఇంటికి ఫోన్ చేసుకోవడానికి ఆదివారం వరుసలో నిలబడటం, వీటికి విసిగిపోయి ఉండొచ్చు. లేదా అక్కడ ఎవరితోనైనా ఏదైనా జరిగి ఉండొచ్చు. బలవంతం చేయకుండా, మీరిద్దరే ఉన్నప్పుడు, చేతిలో కుట్టు పని పెట్టుకుని అడగండి. ఎదురుగా కూర్చుని కళ్లలోకి చూస్తూ అడిగితే ఆ వయసు పిల్లలు చెప్పరు. మీకు చెప్పుకోలేని సంగతి ఉందనిపిస్తే 1098కి ఫోన్ చేయొచ్చు. అది పిల్లల కోసమే పెట్టిన ఉచిత నంబరు.

హాస్టలే కారణమైతే మీకు ఇంటి చదువు అవసరమే లేకపోవచ్చు. దగ్గర్లో ఉన్న ప్రభుత్వ హైస్కూల్లో చేర్పిస్తే పొద్దున పోయి సాయంత్రం ఇంటికొస్తుంది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేండ్ల లోపు పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని అందులో ఉంది. పాత బడివాళ్లు ఫీజు బాకీ అని టీసీ ఆపినా, టీసీ రాలేదన్న కారణంతో ప్రభుత్వ బడిలో చేర్చుకోవడం ఆలస్యం చేయకూడదు. అదే చట్టం పిల్లలను బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని కూడా అంటుంది. ఇంట్లో చదివించడం గురించి విడిగా ఏమీ చెప్పదు. కాబట్టి పాపకు పద్నాలుగు నిండేదాకా బడిలో పేరుండటం మంచిదని నా సలహా. కంప్యూటరు చదువు సాయంత్రాలు, సెలవుల్లో నడవనీయండి. పాప ‘ఏ బడీ వద్దు’ అని గట్టిగా అంటే మిగతాది చదవండి.

మొదట చూడాల్సింది పాప చివరకు ఏ పరీక్ష రాస్తుందనేది. మనవాళ్లు చాలామంది ముందు సాఫ్ట్‌వేరు కొని ఆ తర్వాత పరీక్ష కోసం వెతుకుతారు. ఇంట్లో చదివిన పిల్లలకు మన రాష్ట్రంలో సులువైన దారి ఓపెన్ స్కూలు. ఒకటి మన ఏపీ ఓపెన్ స్కూలు, ఇంకోటి కేంద్రం నడిపే జాతీయ ఓపెన్ స్కూలు, ఎన్‌ఐఓఎస్ అంటారు. అది 1989లో మొదలైంది. రెండింట్లోనూ పదో తరగతికి పద్నాలుగేండ్లు నిండాలి. ఎన్‌ఐఓఎస్‌లో పదికి చేరేందుకు ఎనిమిది పాసైన సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు, చదవగలనని రాసిచ్చే సొంత ధ్రువీకరణ చాలు. తెలుగు మీడియం ఉంది. కనీసం అయిదు సబ్జెక్టులు తీసుకోవాలి. అన్నీ ఒకే విడత రాయాలన్న నిబంధన లేదు. ఏడాదికి రెండు విడతల పరీక్షలు, ఏప్రిల్-మేలో ఒకటి, అక్టోబర్-నవంబర్‌లో ఒకటి. అయిదేండ్లలో తొమ్మిది అవకాశాలు. ఈ విడత లెక్కలు, తెలుగు రాసి, వచ్చే విడత మిగతా మూడూ రాయొచ్చు. సొంత వేగంతో చదివే పిల్లకు ఇంతకన్నా అనువైన ఏర్పాటు ఏ యాప్ కంపెనీ దగ్గరా లేదు.

ఆ పరీక్ష పెన్నుతో రాయాలి. మూడు గంటలు కూర్చుని, వాక్యాల్లో, బొమ్మలతో. మధ్యలో అసైన్‌మెంట్లు కూడా చేత్తో రాసివ్వాలి. రోజంతా తెర మీద ఎ, బి, సి, డి నొక్కిన పిల్ల చెయ్యి మూడో పేజీకే నొప్పి పుడుతుంది. కంప్యూటరు ముందు ఎంతసేపు కూర్చుంటే నోటు పుస్తకంలోనూ అంతసేపు రాయాలని మొదటి రోజే ఇంట్లో చెప్పేయండి.

ఇప్పుడు మీ తమ్ముడు చెప్పింది. అమెరికాలో ఇంట్లో చదివే పిల్లల కోసం ఇలాంటివి చాలా ఉన్నాయి. టైమ్‌ఫర్‌లెర్నింగ్ అని నెలసరి చందాతో నడిచేది ఒకటి ఉంది. అది సిలబస్ ఇచ్చేదే తప్ప గుర్తింపున్న బడి కాదు. మార్కుల నివేదిక ఇస్తుంది గానీ దాన్ని పట్టుకుని ఇక్కడ ఇంటర్లో చేరలేరు. క్రైస్తవ కుటుంబాల కోసం తయారు చేసినవి ఇంకొన్ని, వాటిలో బైబిలు ఒక సబ్జెక్టు. ఆ కుటుంబాలకు అదే కావాలి, తప్పేం లేదు, మీకు కావాలా అన్నది మీరు చూసుకోవాలి. టీచింగ్ టెక్స్ట్‌బుక్స్ అనేది ఒక్క లెక్కలకే. అందులో పిల్ల తప్పు చేస్తే ఆ లెక్కను మెట్టు మెట్టుగా చేసి చూపిస్తారు. పాత మార్కు చెరిపేసి మళ్లీ చేయించే వీలు తల్లిదండ్రులకు ఉంటుంది. నాకు నచ్చిన పద్ధతి అది. కానీ ఏది తీసుకున్నా లోపలంతా అమెరికా. డబ్బుల లెక్కల్లో నికెల్, డైమ్, క్వార్టర్. మన ఎండ 43 డిగ్రీలంటే పాపకు తెలుసు, అక్కడ దాన్ని 109 ఫారెన్‌హీట్ అనాలి. చరిత్ర మొదలయ్యేది అమెరికా పుట్టుకకు మూలమైన పదమూడు కాలనీలతో. అంగుళాలు ఒక్కటే పాపకు ఇబ్బంది పెట్టవు, టేపు మీ ఇంట్లోనే ఉంది కదా! తెలుగు ఒక్క ముక్క ఉండదు. ఇంగ్లీషు హాస్టల్లో నేర్చుకున్నంతే అయితే, పాఠం అర్థం కాలేదా, భాష అర్థం కాలేదా అని తేల్చుకోవడానికే సగం రోజు పోతుంది.

మీ తమ్ముడి ప్రేమను మాత్రం వృథా చేయొద్దు. నెలనెలా చందా కట్టే బదులు ఒక సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ ఇప్పించమనండి. ఎనిమిది జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉంటే చాలు. ట్యాబ్ కన్నా అదే మేలు. కీబోర్డు ఉంటుంది, కరెంటు పోయినా బ్యాటరీ మీద కొంతసేపు నడుస్తుంది. ఇంకో మాట, ఆదివారం పొద్దున ఏడింటికి పాపతో అరగంట ఇంగ్లీషులో మాట్లాడమనండి. అక్కడ అప్పటికి శనివారం రాత్రి, ఆయనకూ తీరికే. వారమంతా చదివింది మేనమామకు ఇంగ్లీషులో చెప్పాలంటే పాప ఎంత తయారవుతుందో చూడండి. ఏ ప్యాకేజీలోనూ దొరకని మేనమామ అమ్మా అది.

యాప్ అబ్బాయి డెమోలో ఏం చూపించి ఉంటాడో నాకు తెలుసు. రంగురంగుల గుండెకాయ తిరుగుతూ ఉంటుంది, పాప ‘అబ్బా’ అంటుంది. మీరు చేయాల్సిన పరీక్ష వేరే ఉంది. కొనేముందు, ఏ సాఫ్ట్‌వేరైనా సరే, ఒక లెక్కలో కావాలని తప్పు పెట్టండి. మైనస్ మూడును మైనస్ నాలుగుతో గుణించి మైనస్ పన్నెండు అని కొట్టండి. ‘తప్పు, మళ్లీ ప్రయత్నించండి’ అని ఊరుకుందంటే అది పాఠం చెప్పడం లేదు, మార్కులు వేస్తున్నదంతే. రెండు మైనస్‌ల దగ్గర పొరపాటు జరిగిందని చూపించి, వేరే అంకెలతో ఇంకో లెక్క ఇచ్చిందంటే అప్పుడు ముందుకు పోవచ్చు. అదే లెక్క అవే అంకెలతో మళ్లీ ఇచ్చిందంటే జాగ్రత్త.

ఈ జాగ్రత్త నాకు మా మనవడు నేర్పాడు. 2020లో బడులు మూసినప్పుడు వాడు కర్నూల్లో మా ఇంట్లోనే ఉన్నాడు. ఏదో కోర్సు కొన్నాం. ముప్పై ఏండ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, నేనూ మోసపోయాను. పదకొండు రోజుల్లో భిన్నాలన్నీ అయిపోయాయని ఆకుపచ్చ టిక్కులు చూపించాడు. వీధంతా చెప్పుకున్నాను. ఒకరోజు జొన్నరొట్టె తింటుంటే ‘ఒరే, మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా?’ అని అడిగాను. ‘నాలుగు పెద్దది కదా తాతా’ అన్నాడు. తీరా చూస్తే ప్రశ్నలు మారవు, జవాబులు మారవు. ఈ ప్రశ్నకు మూడోది నొక్కాలి, దానికి మొదటిది నొక్కాలి అని చోట్లు గుర్తు పెట్టుకున్నాడు. తెలివి తక్కువేం కాదు వాడికి. ఆ తెలివంతా ఆ యంత్రాన్ని గెలవడానికి పెట్టాడు.

అందుకని డబ్బు పెట్టే ముందు ఖాన్ అకాడమీ చూడండి, అది ఉచితం. లెక్కలకు చాలా మంచిది. ఒక్కో అంశంలో పిల్ల ప్రయత్నించిందా, పరిచయమైందా, నేర్పరి అయిందా, పట్టు సాధించిందా అని మెట్లు చూపిస్తుంది. సూచన అడిగితే ఒక్కో వరుసే విప్పుతుంది, చివరికి జవాబే చెప్పేస్తుంది గానీ ఆ లెక్కను పాప చేసినట్టు వేయదు. వారానికోసారి పక్కన కూర్చుని సూచనలు ఎంతగా వాడుతోందో చూస్తే చాలు. ఇంట్లో నెట్ సరిగా లేకపోతే కొలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది. నెట్ బాగున్న చోట ఒకసారి పాఠాలు దించుకుంటే తర్వాత నెట్ లేకుండా నడుస్తుంది. ఖాన్ అకాడమీ పాఠాలు చాలా వరకు అందులో దొరుకుతాయి. సైన్సుకు కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ ప్రయోగాలు ఉన్నాయి. బ్యాటరీ, తీగ, బల్బు తెర మీదే కలిపి చూడొచ్చు. మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాల మీదున్న క్యూఆర్ కోడ్‌ను దీక్ష యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించినవి తెరుచుకుంటాయి. సోషల్‌కు పుస్తకం చాలు, నదుల పాఠం వచ్చినప్పుడు జమ్మలమడుగు దాటించి గండికోటకు తీసుకుపోండి, పెన్న రాయిని ఎట్లా కోసిందో అక్కడ నిలబడితే తెలుస్తుంది. తెలుగుకు కంప్యూటరు ముట్టుకోవద్దు. కడప పోయిన రోజు సి.పి. బ్రౌన్ గ్రంథాలయంలో ఒక గంట వదిలేయండి.

‘టీచరు లేకుండా సొంతంగా చదువుకునే పిల్ల’ అన్నారు చూడండి, నాకు అసలు చర్చ అక్కడే ఉంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లె బడుల కోసం ఒక పద్ధతి తయారు చేశారు. ఒకే గదిలో అన్ని తరగతుల పిల్లలూ ఉంటారు. గోడ మీద నిచ్చెన లాంటి పటం ఉంటుంది. ప్రతి పిల్లా తాను ఏ మెట్టు మీదున్నదో చూసుకుని తన కార్డు తనే తీసుకుంటుంది. ఒక మెట్టు మీద టీచరు పక్కనే కూర్చోవాలి. ఇంకో మెట్టు మీద అప్పుడప్పుడు వచ్చి చూస్తే చాలు. ఇంకోచోట తోటి పిల్లలతో కలిసి చేస్తుంది. మరోచోట ఒంటరిగా చేస్తుంది. అదే పిల్ల పొద్దున ఒంటరిగా చేసి, మధ్యాహ్నం కొత్త అంశం రాగానే మళ్లీ టీచరు పక్కకు పోతుంది. అంటే సొంతంగా చదవడం అనేది పిల్ల స్వభావం అనుకోకూడదు, ఆ అంశాన్ని బట్టి, ఆ రోజును బట్టి మారుతుంది. మీ పాప సోషల్ ఒక్కతే చదివేసి, బీజగణితం దగ్గర గంటసేపు కిటికీలోంచి చూస్తూ ఉండొచ్చు. అయిదు సబ్జెక్టుల ప్యాకేజీకి ఈ తేడా తెలియదు, అందుకే నేను ప్యాకేజీ వద్దంటున్నాను.

ఈ తేడా తెలుసుకోవడానికి పది రోజులు చాలు. డబ్బు పెట్టక్కర్లేదు. ఒక తెల్లకాగితం మీద రోజూ పాప చేతనే మూడు సంగతులు రాయించండి: ఏం తెరిచింది, ఎక్కడ ఆగింది, ఆగినప్పుడు ఏం చేసింది. మూడోదే ముఖ్యం. వదిలేసి తర్వాతి పాఠానికి పోయిందా, జవాబు చూసిందా, మళ్లీ మొదటి నుంచి చదివిందా, మిమ్మల్ని పిలిచిందా? ‘నాకు ఇక్కడ అర్థం కాలేదు’ అని రాయగలిగిన సబ్జెక్టుల్లో కంప్యూటరును నమ్మి వదలొచ్చు. ‘అన్నీ వచ్చాయి’ అని పది రోజులూ రాసిందంటే ఆ సబ్జెక్టుకు మనిషి కావాలి. పక్క వీధిలో బీఎస్సీ చదివే అమ్మాయి వారానికి రెండు గంటలు వచ్చినా సరిపోతుంది.

మీరు టెన్త్‌తో ఆపేశానని చిన్నబుచ్చుకోవద్దు. ల్యాప్‌టాప్ మీ మిషన్ పక్కనే పెట్టించండి, పడగ్గదిలో వద్దు. సాయంత్రం పది నిమిషాలు పాప మీకు పాఠం చెప్పాలి, మీరు ‘ఎందుకని?’ అని అడుగుతూ ఉండాలి, అంతే. ఛాతీ కొలత 34 అంగుళాలైతే నాలుగో వంతు ఎనిమిదిన్నర, దానికి ఒకటిన్నర కలిపితే పది అని మీరు నోటి లెక్కతో గుడ్డ మీద గీత గీస్తారు. భిన్నాలు రోజూ మీ చేతిలోనే ఉన్నాయి.

ఒక్క సంగతి గట్టిగా చెప్తాను, కోపం చేసుకోకండి. ఇంట్లో ఉన్న పదమూడేండ్ల ఆడపిల్ల చదువును ముందు తినేసేది ఇంటిపని. ‘ఇంట్లోనే ఉంది కదా’ అని గుండీలు కుట్టమంటారు, హుక్కులు వేయమంటారు, తమ్ముడికి అన్నం పెట్టమంటారు. పండగ ముందు ఆర్డర్లు ఎక్కువైతే వారమంతా పుస్తకం మూతబడుతుంది. రెండేండ్లు గడిస్తే చుట్టాలు ‘బడి మానేసింది కదా, ఒక సంబంధం ఉంది’ అని మొదలుపెడతారు. నా సర్వీసులో ఇట్లా పోగొట్టుకున్న పిల్లలు ఒకరిద్దరు కాదు. పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు, పాప బడిలో ఉన్నట్టే లెక్క. ఇంటికి ఎవరొచ్చినా లేపకూడదు. ఈ మాట మీ ఆయన నోటితో చెప్పించండి. పద్నాలుగు నిండగానే ఓపెన్ స్కూలు అప్లికేషన్ పెట్టేయండి. నమోదు కాగితం చేతిలో ఉంటే చుట్టాలకు సమాధానం చెప్పడం కూడా తేలిక.

పాపకు తన ఈడు పిల్లల తోడు కావాలి. ఏదైనా ఆట, డ్యాన్సు, టైపింగు, ఇలా వారానికి మూడు సాయంత్రాలు బయటికి పోయే పని ఒకటి చూడండి.

ఇక బాబు సంగతి. వాడిని బడి మాన్పించొద్దు. అక్క ఇంట్లో ఉంది, ల్యాప్‌టాప్ ఇంట్లో ఉంది, వాడికి ఇంట్లో ఉండాలనిపించడం సహజం. పదేండ్ల పిల్లవాడు కంప్యూటరు ముందు ఒక్కడే కూర్చుంటే పది నిమిషాల్లో ఆట తెరుస్తాడు, మా మనవడిని చూశాను కదా. సాయంత్రం బడి నుంచి వచ్చాక అక్క దగ్గర ఒక అరగంట లెక్కలు చెప్పించుకోమనండి.

పది రోజుల కాగితం పూర్తయ్యాక నాకు పంపండి. ఈసారి ఉత్తరం మాత్రం పాపను రాయమనండి, ఇంట్లో చదవాలని ఎందుకనుకుంటుందో తన మాటల్లోనే రాయాలి.